మొగిలి వేషం

మద్రాసు
1944 జూలై 9

అక్కకు,

పౌలు దండాలు. నేను బతికే ఉన్నాను, ఒళ్లు బాగానే ఉంది, మెస్సు సాంబారు ఒక్కటే బాగా లేదు.

ఆరేళ్లుగా నేను కట్టిన వేషాలు నీకు తెలుసు. భటుడు, రెండో భటుడు, పల్లకీకి ఎడమ బోయీ. ఒకసారి చెట్టు వెనక నిలబెట్టారు, తీరా సినిమా వచ్చాక చూస్తే చెట్టునే కోసేశారు. ఇక పెట్టె సర్దుకొని కాజీపేట బండి ఎక్కుదామనుకుంటుండగా ఒక ప్రొడ్యూసరు పిలిచాడు. ముఖ్య వేషం నాదే. ఎవరి వేషమో విను. మన మొగిలి. నర్సంపేట బాటలో బండి తోలుతూ, అంగడి నుంచి ఇళ్లకు పోయే ఆడవాళ్లను ఎక్కించుకొని, కాళ్ల కడియాల కోసం ముగ్గురిని పలుపుతో చంపిన మొగిలి. రెండేళ్ల కింద ఆ కేసు ఇక్కడి పేపర్లలో కూడా వచ్చిందట. సినిమా పేరు 'కడియాలు'. జరిగింది జరిగినట్టు తీస్తారు, పాటలు రెండే.

పౌలు అనే పేరు వాల్‌పోస్టరు మీద నిలబడదన్నారు. కాబట్టి ఇక నుంచి నేను పాండురంగం. నవ్వకు.

నీకు మొగిలి ఎరుక. నీ దవాఖానకు కానుపు మనుషులను తెచ్చేది వాడి బండే. వాడి చేతిలో చావు తప్పించుకున్న యాకమ్మకు చాకిరీ చేసిందీ, కోర్టులో ఆమె మెడ గాయం గురించి సాక్ష్యం చెప్పిందీ నువ్వే. వాడు ఎట్లా నడుస్తాడు, ఎట్లా మాట్లాడతాడు, అన్నీ రాయి అక్కా. ఆగస్టు ఆఖరుకల్లా డైరెక్టరుకు నేను నచ్చకపోతే వేషం ఇంకొకడికి పోతుంది. ఇది పోతే నాకు ఇంకేమీ లేదు.

నీ పౌలు


వరంగల్
1944 జూలై 23

పాండురంగం గారికి,

ఎస్తేరు ఆశీస్సులు. చర్చి ఉపదేశి గారి కొడుకు పాండురంగడయ్యాడని మా పాస్టరు గారికి నేను చెప్పలేదు. ఆదివారం ప్రార్థనలో ఇంకా 'మద్రాసులో ఉన్న మన పౌలు' అనే అంటున్నారు. దేవుడిని గందరగోళపెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

మొగిలి పేరు చదవగానే నీ ఉత్తరం బల్ల మీద పడేసి, పోయి చేతులు కడుక్కున్నాను. మాటకు కాదు, నిజంగానే సబ్బు పెట్టి కడిగాను. లోకంలో ఇన్ని కథలుండగా మీకు ఆ పెంటే కావలసి వచ్చిందా? రాయకూడదనే అనుకున్నాను. ఆరేళ్లుగా ఈటె పట్టుకొని నిలబడ్డ నువ్వు గుర్తొచ్చి రాస్తున్నాను. ఆ సినిమా చూసి ఒక్క ఆడది ఎవరి బండి పడితే వాళ్ల బండి ఎక్కకుండా ఉన్నా మేలే.

వాడు రాక్షసుడిలా ఉంటాడనుకున్నావో, నీ వేషం చెడినట్టే. మొగిలి గొంతు పెంచడు. ముసలిదాన్నయినా సరే 'బిడ్డా' అంటాడు. దవాఖాన గేటు ముందు బండి ఆపితే ముందు ఎడ్ల కళ్లు తడిగుడ్డతో తుడుస్తాడు. తర్వాత సొరబుర్రలో నీళ్లు తెచ్చి, 'దూప అయితాందా బిడ్డా, తాగు' అని బండిలో మనిషికి పోస్తాడు. ఎంత మంచివాడో అని నా నోటితో నేనే పదిసార్లు అన్నాను. తలుచుకుంటే నా నోరు నాకే కంపు కొడుతుంది. మాట్లాడుతున్నంతసేపూ పలుపు కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంటాడు. కోర్టులో పలుపు లేదని పంచె కొసను చుట్టాడు. నోరు మాత్రం విప్పలేదు. ఇప్పుడు ఇక్కడి జైలులోనే ఉన్నాడు, అక్కడా ఎవరితోనూ మాట్లాడడట. నీ వేషానికి ఇది చాలు.

ప్రార్థన కొరకు

మద్రాసు పోయి మరిచావేమోనని గుర్తు చేస్తున్నాను. మన నాయన పద్ధతిలో ఈ మాట కింద రాసింది దేవుని చెవికే. చదివి, మోకరించి, కాల్చేయాలి.

రెండేళ్లుగా దీన్ని ఒక్కదాన్నే మోస్తున్నాను. చచ్చిందనుకొని మొగిలి తనను కాలువలో పడేసి పోయాడని యాకమ్మ కోర్టులో చెప్పింది కదా. అది నిజం కాదు. జ్వరంలో నా చెయ్యి పట్టుకొని అసలు సంగతి చెప్పింది. 'మెడకు తాడేసినంక నాకేం తోచలే నర్సమ్మా. అన్నా, నా కడియాలు ఉత్త కంచుయి, పైన పూత, ఎనుక సమ్మమ్మ నడిశి వస్తాంది, ఆమెయి అసలు ఎండియి అని చెప్పిన. గప్పుడు తాడు ఇడిశిండు.' సమ్మమ్మ ఆమె పక్కింటి మనిషే. ఇద్దరూ కలిసే అంగడికి పోయారు. మరునాడు పొద్దున సమ్మమ్మ శవం దొరికింది, కాళ్లు బోసిగా ఉన్నాయి.

సమ్మమ్మ కూతురు కట్టమ్మను ఇప్పుడు యాకమ్మే సాకుతోంది. ఆ పిల్లను ఈ భూమ్మీదికి పట్టి తీసింది నేనే. తండ్రి ఎల్లస్వామి యాకమ్మను దేవతలా చూస్తాడు. చెల్లె అని నోరారా పిలుస్తాడు. మొన్న యాకమ్మ అన్నం దిగడం లేదని మళ్లీ నా దగ్గరికి వచ్చింది. గొంతులో జబ్బేమీ లేదు. ఆమె కోసం ప్రార్థించు. నా కోసం కూడా.

అక్క ఎస్తేరు


మద్రాసు
1944 అక్టోబరు 15

అక్కకు,

వేషం నాదైపోయింది. రిహార్సలులో మిగతావాళ్లంతా గుడ్లురిమి కేకలు పెట్టారు. నేను గొంతు పెంచకుండా 'దూప అయితాందా బిడ్డా' అన్నాను. డైరెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అంతా నీ పుణ్యమే.

నెల రోజులుగా సైదాపేటలో బండివాళ్ల కొట్టంలోనే ఉంటున్నాను. ఒక్కపూట తిండి. బొజ్జ పోయింది, చెంపలు పోయాయి. తల దువ్వడం మానేశాను. మేకప్ అతను తనకు ఇక పని మిగల్లేదంటున్నాడు. గది సామాను కోసం పోతే ఇంటి ఓనరు భార్య శకుంతల గారు తలుపు సగమే తెరిచారు. ఆరేళ్లుగా నాకు చారు పంపిన మనిషి! ఆమెను కూడా తెలియకుండానే 'బిడ్డా' అన్నాను, ఆమె తలుపు గడియ వేసుకుంది. సిగ్గుపడాలి కదా. సంతోషమేసింది అక్కా.

ప్రార్థన సంగతి. మోకరించాను. కాగితం ఇంట్లో లేదు.

ఒక చిన్న మాట, ఊరికే అడుగుతున్నాను. యాకమ్మ ఆ మాట అన్నప్పుడు సమ్మమ్మ కనుచూపు మేరలో ఉందా, లేక బాట మలుపు అవతల ఉందా?

పౌలు


వరంగల్
1944 నవంబరు 2

పౌలూ,

కాగితం కాల్చావా అని నేను అడగలేదు, కాల్చాలని నీకు తెలుసు గనక. నువ్వు 'ఇంట్లో లేదు' అని రాశావు. ఇల్లు దాటి ఎక్కడికి పోయింది? దానికి కాళ్లు వచ్చాయా?

సమ్మమ్మ మలుపుకు ఇవతల ఉంటే నీకెందుకు, అవతల ఉంటే నీకెందుకు? ఊరికే అడిగేవాడు అంత వివరంగా అడగడు. నిన్న యాకమ్మ కట్టమ్మను చంకనేసుకొని వచ్చి నాకు వేరుశనగలు ఇచ్చి పోయింది. ఆమె ముఖం చూడలేక తుడవనక్కర లేని మందు సీసాలన్నీ తుడుస్తూ కూర్చున్నాను.

నాకు రెండు ముక్కల జవాబు చాలు. కాల్చాను అని రాయి.

ఎస్తేరు


మద్రాసు
1945 ఫిబ్రవరి 11

అక్కకు,

ఆలస్యమైంది, ఏమనుకోకు. ఊపిరి తీసుకునే తీరిక లేకపోయింది. సినిమా అయిపోయింది. ప్రొడ్యూసరు బంధువులకు వేసి చూపిస్తే ఒకావిడ సగంలో లేచి పోయింది. అంతకంటే పెద్ద మెప్పు ఏముంటుంది? భోజనాల దగ్గర ఎవరూ నా పక్కన కూర్చోలేదు. రేపు మీ ఊళ్లో చూస్తే నువ్వు కూడా నన్ను గుర్తు పట్టవు.

నీ ప్రశ్నకు జవాబు తెర మీద ఉంటుంది. చూడగానే కోపం తెచ్చుకోకు, కొంచెం నిదానంగా ఆలోచించు. యాకమ్మ పేరు మార్చాం, ఊరి పేరు మార్చాం, చీర రంగు కూడా మార్చాం. దీపాన్ని గంప కింద పెట్టినట్టు నిజాన్ని దాచకూడదని నాయనే అనేవాడు కదా.

పౌలు


వరంగల్
1945 ఏప్రిల్ 15

పౌలూ,

నిన్న పగటి ఆట చూశాను. మా వార్డులో పని చేసే మరియమ్మ తోడు వచ్చింది.

నువ్వు బాగా ఆడావు. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే అక్కకు అసూయ అంటావు. ఎంత బాగా ఆడావంటే నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. మరియమ్మ నన్ను బయటికి పట్టుకొచ్చింది. టాకీసు గోడ పక్కన కూర్చొని కక్కుతుంటే లోపలి నుంచి చప్పట్లు వినబడ్డాయి. నోరు కడుక్కొని మళ్లీ లోపలికి పోయాను, చివరిదాకా చూశాను. నేను పెట్టిన పెంటను నేను చూడకపోతే ఎట్లా?

ఎడ్ల కళ్లు తుడిచావు, నీళ్లు పోశావు, పలుపు కొస వేలికి చుట్టావు. నా తమ్ముడు తెర మీద ఎక్కడా లేడు. యాకమ్మ వేషం కట్టిన పిల్ల 'ఎనుక ఇంకో ఆమె వస్తాంది' అనగానే నువ్వు నవ్వావు. మొగిలి ఆ రోజు నవ్వాడో లేదో నాకు తెలియదు, నేను రాయలేదు. ఆ నవ్వు నీదే. తాడు విప్పి, ఆమె చెంప తుడిచి, 'మంచిదానివి బిడ్డా' అన్నావు. హాలంతా ఈలలు. ఛీ. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి 'అరె, ఏం చేసిండు!' అని తొడ చరుచుకున్నాడు. సమ్మమ్మ బండి ఎక్కుతుంటే జనం నవ్వారు పౌలూ. ఆమెకు ఏమవుతుందో వాళ్లకు తెలుసు కాబట్టి నవ్వారు.

ఇప్పుడు కాజీపేట స్టేషనులో ఆడవాళ్లు బండి దిగితే చాలు, పోరగాళ్లు 'దూప అయితాందా బిడ్డా' అంటున్నారు. మా దవాఖాన ముందు సోడాబండి వాడూ అన్నాడు. చెంప మీద కొట్టాను. వాడు చెంప పట్టుకొని కూడా నీలాగే నవ్వాడు.

ఇంకా విను. నర్సంపేటలో డేరా వేసి ఆడుతున్నారు. సమ్మమ్మ మొగుడు ఎల్లస్వామి మూడుసార్లు చూశాడట. మొదటిసారి భార్య ఎట్లా పోయిందో చూడటానికి. రెండోసారి ఆ మాట తాను సరిగ్గా విన్నాడా లేదా అని. మూడోసారి కులపెద్దలను వెంటబెట్టుకొని. ఆడింది నా తమ్ముడేనని కూడా వాళ్లకు తెలిసిపోయింది. పేరు మార్చారట, చీర రంగు మార్చారట! బతికి బయటపడ్డ ఆడది ఆ బాట మీద ఒక్కతే కదరా. కట్టమ్మను ఎల్లస్వామి తన ఇంటికి తీసుకుపోయాడు. పిల్ల అన్నం ముట్టకుండా గోడ అవతల నుంచి యాకమ్మను పిలుస్తోందట. మే ఆరో తారీకున పంచాయితీ. యాకమ్మ ఆ మాట అన్నదని తేలితే ఊరు వెళ్లగొడుతుంది, పిల్లను మళ్లీ చూడనివ్వదు. ఆమెను ఆ తర్వాత ఏ బావిలో వెతకాలో నాకు తెలుసు.

యాకమ్మ మొన్న వచ్చింది. గేటు దగ్గరే నిలబడి, నన్ను బాగా చూసి పోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, నిన్ను నమ్మి నేనూ, నన్ను నమ్మి ఆమె కూడా చెడ్డాం.

నిన్ను క్షమించడం తర్వాత చూద్దాం. నువ్వు చేయవలసింది ఒక్కటి ఉంది. ఆ ముక్క నేనే కల్పించాను, మా అక్క రాయలేదు, యాకమ్మ చెప్పలేదు అని పెద్దలకు ఒక ఉత్తరం రాయి. అబద్ధమే. రాయి. పాపం నా లెక్కలో వేసుకుంటాను. మే ఆరుకు ముందే అందాలి.

ఎస్తేరు


మద్రాసు
1945 ఏప్రిల్ 27

అక్కకు,

ఫికర్ చేయకు బిడ్డా. పల్లెల్లో నాలుగు రోజులు అరుస్తారు, వానలు పడితే ఎవరి పొలానికి వాళ్లు పోతారు.

నువ్వు అడిగిన ఉత్తరం నేను రాయలేను. ప్రతి పోస్టరు మీదా 'అక్షరాలా జరిగిన కథ' అని వేశారు. నేనే కల్పించానని నా చేత్తో రాసిస్తే అది రేపు పేపరులో పడుతుంది. జనం మాట్లాడుకునేది ఆ ఒక్క సీను గురించే. అది పోతే నేను మళ్లీ రెండో భటుణ్ని. ఆ కాగితం డైరెక్టరు గారి ఫైలులో ఉంది, చదివి ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఊరికే ఇవ్వలేదు, ఒక రాత్రంతా ఆలోచించే ఇచ్చాను. మోకరించింది మాత్రం నిజం.

అయినా యాకమ్మ ఆ మాట అన్నది కదా? నేను నిజం ఆడాను. ఉపదేశి కూతురివి, నువ్వు నన్ను అబద్ధం రాయమంటున్నావు. ఇద్దరిలో తప్పు ఎవరిదో నువ్వే చెప్పు.

జూన్‌లో వరంగల్ టాకీసులో నాకు సన్మానం చేస్తారట. అప్పుడు యాకమ్మను పిలిపించు. మంచి చీర పెడతాను.

పాండురంగం


వరంగల్
1945 మే 8

పాండురంగం గారికి,

నీ ఉత్తరం పంచాయితీకి ముందురోజు అందింది. నీకంటే తొమ్మిదేళ్లు పెద్దదాన్ని, నీకు స్నానాలు చేయించినదాన్ని, నన్ను 'బిడ్డా' అని రాశావు. ఆ కాగితాన్ని చిమటాతో పట్టుకొని పొయ్యిలో పడేశాను. మా వార్డులో పురుగు పట్టిన కట్టుగుడ్డలను అట్లాగే పారేస్తాం.

ఆదివారం ప్రార్థనకు పోలేదు. నర్సంపేట బస్సు ఎక్కి, అక్కడి నుంచి నడిచి పోయాను. ఎల్లస్వామి ఇంటి ముందు పందిరి వేశారు. పెద్దలు నులక మంచాల మీద కూర్చున్నారు. యాకమ్మ ఎండలో నిలబడి ఉంది. మెడ మీద తాడు మచ్చ కనబడుతోంది, కొంగు కూడా కప్పుకోలేదు. నన్ను పిలవకముందే పోయానని వాళ్లు సంతోషించారు.

కులపెద్ద అడిగాడు: "నర్సమ్మా, ఆడింది నీ తమ్ముడే గద. గా మాట ఆనికెట్ల ఎర్కయింది? యాకమ్మ నీతోనేమన్న చెప్పిందా?"

"చెప్పలే" అన్నాను. "నా తమ్ముడు చిన్నప్పటి సంది అబద్ధాలోడు. సినిమా నడవాలని వాడే పుట్టిచ్చిండు. యాకమ్మ మెడ నేను కడిగిన. గా తాడు దెబ్బకు రెండు దినాలు నోట్లెకెల్లి మాటనే రాలే. గసొంటి మనిషి గంత పొడుగు ముచ్చట ఎట్ల చెప్తది?"

గొంతు పెంచలేదు. మెల్లగా మాట్లాడితే జనం నమ్ముతారు. ఇది నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో నీకు తెలుసు.

ఎల్లస్వామి లేచి వచ్చి నా ముందు నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. "మీ పుస్తకం మీద చెయ్యి పెట్టి చెప్పమ్మా. నాకు గంతే సాలు" అన్నాడు. సంచిలోంచి నాయన బైబిలు తీశాను. నాయన పేరు రాసి ఉన్న అట్ట మీదే చెయ్యి పెట్టాను. యాకమ్మ నాతో ఏమీ చెప్పలేదు, నా తమ్ముడు అబద్ధాలోడు అని మళ్లీ చెప్పాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలియదు, నేను పిలవలేదు.

ఎల్లస్వామి నమ్మాడు. "నా బిడ్డను నువ్వే పట్టినవు. నువ్వు అబద్ధమాడవు" అని నా కాళ్లకు మొక్కాడు. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు, తీసుకుంటే అనుమానం వస్తుందని. భార్య ఎట్లా చచ్చిందో తెలుసుకోవాలని మూడుసార్లు టిక్కెట్టు కొన్న మనిషి. నిజం తెర మీద చూశాడు, దవాఖాన నర్సు చెప్పిందని దాన్ని తుడిచేసుకున్నాడు. ఇంట్లోకి పోయి కట్టమ్మను ఎత్తుకొచ్చి యాకమ్మ చేతిలో పెట్టాడు. "తప్పైంది చెల్లె" అని అందరి ముందు బోరున ఏడ్చాడు. అంత రోత నాకు కుళ్లిన పుండు కడిగేటప్పుడు కూడా కలగలేదు. నీ మీద కాదు, అక్కడ నిలబడ్డ నా మీద.

సన్మానానికి రావద్దు. నువ్వు అబద్ధాలకోరువని ఇప్పుడు ఈ తాలూకా అంతటికీ తెలుసు. ప్రమాణం చేసి చెప్పింది నీ సొంత అక్క. వస్తే నీ పోస్టర్ల మీది మాట తప్పని నీ ముఖం మీదే చెబుతారు. అట్లాగే ఉండనీ. జవాబు రాయకు, నేను విప్పను.

యాకమ్మ పిల్లను చంకనేసుకొని బస్సు బాట దాకా నా వెంట వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. నీకు అబద్ధమెందుకు, ఒక్క మంచి మాట అంటుందని ఎదురు చూశాను. బస్సు దుమ్ము కనబడ్డాక ఆగి, నా ముఖంలోకి చూసింది.

"నువ్వు గూడ మంచిగ ఆడినవ్ నర్సమ్మా" అంది.

ఆమె గొంతులో కోపం లేదు. పిల్లను ఇంకో చంకకు మార్చుకొని, వెనక్కి తిరిగి నడిచి పోయింది.

ఎస్తేరు